మీర్ ఆలం చెరువు కట్ట మీద

ఈ సంక్రాంతి సెలవుల్లో మా సంఘపు సండేస్కూలు పిల్లలకు హైదరాబాదు చూపించాలని పెద్దలు తీర్మానించారు. దేవుని కృపను బట్టి ఒక శనివారం తెల్లవారుజామున ప్రార్థన చేసుకొని, పులిహోర గిన్నెలు, మంచినీళ్ళ క్యానులు బస్సులోకి ఎక్కించి బయలుదేరాము. పిల్లలు, టీచర్లు, స్త్రీల సమాజము వారు అందరం కలిసి 34 మందిమి. మాది పాలమూరు వైపు ఒక పల్లె. షాద్‌నగర్, శంషాబాద్ దాటి ఆరాంఘర్ చేరేసరికి పొద్దు బాగా పైకి వచ్చింది. అక్కడి నుండి జూపార్కు వరకు 2025 జనవరిలో ప్రారంభమైన పొడవాటి ఫ్లైఓవర్ ఉంది. దాని మీద బస్సు పోతుంటే పిల్లలు ఇరువైపులా మేడలను లెక్కపెట్టబోయి కాసేపటికే మానుకున్నారు.

పాత బస్తీ అంటే మా వైపు పల్లెల్లో కొందరికి జంకు. పిల్లలను చేయి వదలవద్దని తల్లులు వందసార్లు చెప్పి పంపారు. అయితే చార్మినార్ దగ్గర మా పిల్లవాడొకడు ఎండకు కళ్ళు తిరిగి కూర్చుండిపోతే, గాజుల దుకాణం పెద్దాయన లోపలి నుండి స్టూలు, చల్లని నీళ్ళు తెచ్చి ఇచ్చి, వాడు లేచి నవ్వేవరకు పక్కనే నిలబడ్డాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మా జంకు ఆ నీళ్ళతోనే పోయింది.

1591లో కట్టిన చార్మినార్‌ను, దాని పక్కనే మక్కా మసీదును బయటి నుండి చూసి, లాడ్ బజారులో స్త్రీలు గాజులు కొనుక్కున్నాక, కూరగాయలు చౌకగా దొరుకుతాయని ఎవరో చెప్పగా మీర్ ఆలం మండీకి నడిచాము. అక్కడ ఏడవ తరగతి చదివే అమ్మాయి ఒకతె బోర్డు చదివి, “టీచరమ్మా, మీర్ ఆలం అంటే ఎవరు?” అని అడిగింది. మాలో ఎవరికీ సరిగా తెలియదు. మా డ్రైవరు మాత్రం, “ఆయన పేరు మీద చెరువు కూడా ఉంది, జూ వెనకాల. పోదామంటే తీసుకుపోతా” అన్నాడు. ఆ చెరువును చూడాలని మేము అనుకొని రాలేదు. ఆ అమ్మాయి ప్రశ్నే మమ్మల్ని అక్కడికి నడిపించింది.

జూ గురించి ఎక్కువ రాయము. 1963లో తెరిచిన ఆ తోటను మీలో చాలామంది చూసే ఉంటారు. పిల్లలు పులిని చూశారు, ఏనుగును చూశారు, కోతిని అందరికన్నా ఎక్కువసేపు చూశారు. మధ్యాహ్నం చెట్టు కింద భోజనాలు ముగించుకొని చెరువు కట్ట మీదికి చేరాము.

పిల్లలు మొదట నిరుత్సాహపడ్డారు. మన చెరువు కట్టలాగా మట్టికట్ట ఉంటుందనుకున్నారు. కాని ఇది రాతికట్ట, అదీ తిన్నగా లేదు. ఎత్తయిన రాతి గోడ అరచంద్రాకారంలో వంగి, ఒక దిమ్మెను ఆనుకొని, మళ్ళీ వంగి, అలా 21 వంపులుగా సుమారు మైలు దూరం సాగిపోయింది. ఆ వంపుల కడుపు నీటివైపుకు ఉంది. మా స్త్రీల సమాజంలోని పెద్దమ్మ ఒకామె చూడగానే, “సగం బావులను వరుసగా నిలబెట్టినట్టుంది” అన్నది. ఇంజనీర్లు కూడా ఇంతకన్నా బాగా చెప్పలేరేమో! మన బావి ఒర చుట్టూ మట్టి ఎంత నొక్కినా కూలదు. గుండ్రంగా ఉన్నందున రాయి రాయిని బిగించుకుంటుంది. ఇక్కడ మట్టికి బదులు నీరు నొక్కుతుంది. నొక్కే కొద్దీ వంపు బిగుసుకొని, ఆ బరువును రెండు పక్కల దిమ్మెల మీదికి తోసివేస్తుంది. సిమెంటు లేని కాలంలో రాయితో, సున్నంతో కట్టిన గోడ ఇది. 1804లో మొదలుపెట్టి సుమారు రెండేండ్లలో పూర్తిచేశారు. ఇలా అనేక వంపులతో కట్టిన ఆనకట్టల్లో ప్రపంచంలోనే మొదటివాటిలో ఇది ఒకటని చెబుతారు.

కట్టించిన మీర్ ఆలం నిజాం సికందర్ జా దగ్గర 1804 నుండి 1808లో చనిపోయేవరకు దివానుగా, అంటే ప్రధానమంత్రిగా ఉన్నాడు. అంతకుముందు 1799లో శ్రీరంగపట్టణం యుద్ధంలో టిప్పు సుల్తానుకు వ్యతిరేకంగా నిజాం పంపిన సైన్యానికి నాయకత్వం వహించాడు. ఆ యుద్ధంలో తనకు దక్కిన ధనాన్ని ఈ చెరువుకు పెట్టాడని చెబుతారు. దివాను అయ్యేనాటికే ఆయనను కుష్ఠువ్యాధి పట్టి పీడిస్తున్నదని చరిత్రకారులు రాశారు. ఈ మాట చెప్పగానే పిల్లలు నయమానును గుర్తుచేసుకున్నారు. సైన్యాధిపతి, గొప్పవాడు, అయినా కుష్ఠురోగి. నయమానుకు యొర్దానులో ఏడు మునకలతో స్వస్థత దొరికింది. మీర్ ఆలంకు దొరకలేదు. అయినా ఆ నొప్పుల మధ్యనే ఆయన పాత బస్తీకి నీళ్ళు ఇచ్చి పోయాడు. నూరేండ్లకు పైగా ఈ పట్నం ముఖ్యంగా ఈ చెరువు నీళ్ళే తాగింది.

తరువాత 1908 సెప్టెంబరులో మూసీకి మహా వరద వచ్చి వేలమంది చనిపోయారు. అటువంటి వరదను ఆపడానికి, పట్నానికి నీళ్ళు ఇవ్వడానికి ఉస్మాన్ సాగర్‌ను 1920లోను, హిమాయత్ సాగర్‌ను 1927లోను పూర్తిచేశారు. మంచిపనే. కాని అప్పటినుండి మీర్ ఆలం చెరువుతో జనానికి తాగునీటి అక్కర క్రమంగా తీరిపోయింది. తాగే నీటిలో ఎవరూ మురుగు పోయరు. తాగని నీరు అనుకున్నాక ఏదైనా పోస్తారు. చుట్టూ బస్తీలు, కాలనీలు పెరిగి, ఇండ్లలో వాడిన నీరు, మరుగుదొడ్ల నీరు, వీధుల చెత్త కాలువల వెంట వచ్చి ఇందులో కలిసింది.

మేము వెళ్ళిన రోజున కట్ట పక్క నుండి చాలా దూరం వరకు నీరు కనబడలేదు. పచ్చని చేను పరచినట్లు ఉంది. అక్కడక్కడ లేత ఊదారంగు పూలు. పిల్లలు “ఎంత బాగుందో” అని చప్పట్లు కొట్టారు. అంతలో ఒకడు గట్టిగా, “అయ్యో, ఇది మన గుడి తొట్టిలో పువ్వే కదా!” అన్నాడు.

మా పెద్దవాళ్ళం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాము.

అది గుర్రపు డెక్క. ఇక్కడ మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. కొన్నేండ్ల క్రితం మాలో ఒకరు పట్నంలోని నర్సరీ నుండి ఆ మొక్కలు నాలుగు తెచ్చి, మా మందిరపు ఆవరణలోని సిమెంటు తొట్టిలో వేశారు. నీళ్ళ మీద తేలే పువ్వు చూడముచ్చటగా ఉన్నదని ఆదివారము వచ్చినవారంతా మెచ్చుకున్నారు. ఒక క్రిస్మసుకు ముందు ఆవరణ శుభ్రం చేస్తూ, తొట్టి నిండిపోయిందని మొక్కలన్నీ బుట్టలకెత్తి ఊరి చెరువులో వేశాము. పారవేస్తే చచ్చిపోతాయి, పాపం నీళ్ళలో బ్రతకనిద్దామని! మంచి మనసుతోనే చేశాము. ఇప్పుడు మా చెరువు రేవు మూసుకుపోయింది. మా తాతల నాటినుండి ఆ రేవులోనే బాప్తిస్మములు ఇచ్చేవారు. గట్టు మీద సంఘమంతా నిలబడి పాటలు పాడుతుంటే తెల్లబట్టలతో ఒక్కొక్కరు దిగేవారు. నిరుడు ఈస్టరుకు పదకొండుగురు సిద్ధపడితే, చెరువులో కాలు పెట్టడానికి చోటు లేక, ఒక రైతు బోరు దగ్గరి తొట్టిలో బాప్తిస్మములు జరిపించవలసి వచ్చింది. ప్రభువు దృష్టికి రెండు నీళ్ళూ ఒక్కటే, సందేహం లేదు. అయినా ఆ రోజు మా ముసలివారు కన్నీళ్ళు పెట్టుకున్నారు.

కట్ట కింద కొందరు పనివారు పొడవైన కర్రలతో ఆ మొక్కలను ఒడ్డుకు లాగుతున్నారు. వారిలో ఒక పెద్దాయనను పలకరించాము. “అన్నా, ఇది ఎప్పటికి అయిపోతుంది?” అని అడిగితే ఆయన నవ్వాడు. “ఎక్కడ అయితదమ్మా? మేం తీస్తనే ఉంటం, అది వస్తనే ఉంటది. మిషిన్లు పెట్టి తీసినా అంతే. దానికి బువ్వ పెట్టేటోళ్ళు అట్లనే ఉన్నరు గద” అని కాలువ వైపు చూపించాడు. మీర్ ఆలం చెరువు గురించి అటుతరువాత మేము చాలా చదివాము, తెలిసినవారిని అడిగాము. ఆయన చెప్పినదానికన్నా ముఖ్యమైన మాట ఎక్కడా దొరకలేదు.

ఈ మొక్క మన దేశానిది కాదు. దక్షిణ అమెరికాలోని అమెజాన్ ప్రాంతానిది. పువ్వు అందం చూసి మోజుపడినవారే దీనిని దేశదేశాలకు మోసుకుపోయారు. పంతొమ్మిదవ శతాబ్దం చివర మన దేశంలో బెంగాలుకు చేరింది. మా గుడి తొట్టి కథే పెద్ద ఎత్తున అన్నమాట. దాని స్వదేశంలో దానిని తినే పురుగులు ఉన్నాయి. ఇక్కడ పశువులు కూడా పెద్దగా ముట్టవు. ఎండ, మురుగునీరు బాగా ఉంటే రెండు వారాల్లోపలే ఇంతకింత అవుతుంది. అంటే పది మొక్కలు అయిదు నెలల్లో పదివేలు కాగలవు. లెక్క చేసి చూసుకోండి. గింజలు అడుగు బురదలో ఏండ్ల తరబడి పడి ఉండి, అదను చూసుకొని మొలుస్తాయి. పైన చాపలా పరచుకుంటే వెలుతురు, గాలి నీటికి అందవు. చచ్చిన ఆకులు అడుగున కుళ్ళి నీటిలోని ప్రాణవాయువును లాగేసుకుంటాయి. చేపలు చస్తాయి, దోమలు బ్రతుకుతాయి.

సరే, మొక్కనంతా తీసేస్తే చెరువు బాగవుతుందా? ఇక్కడే చాలామంది పొరబడతారు, మేమూ అలాగే అనుకున్నాము. గుర్రపు డెక్కకు ఆహారం నీటిలోని నత్రజని, భాస్వరం. అవి మన మురుగులో ఉన్నాయి, సబ్బుల్లో ఉన్నాయి, పొలాల ఎరువులో ఉన్నాయి. మొక్క తీసివేసి ఆ ఆహారాన్ని నీటిలోనే ఉంచితే, ఎండ సూటిగా పడి నాచు పుడుతుంది. నీరు పచ్చని రంగు కలిపినట్లు అవుతుంది. నాచు పగలు ప్రాణవాయువు విడుస్తుంది గాని రాత్రి తానే పీల్చుకుంటుంది. అందుకే తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తుంటాయి. మన చెరువుల్లో బెస్తవారు ఎరిగిన సంగతే ఇది. కొన్ని రకాల నీలిపచ్చ నాచులో విషం కూడా ఉంటుంది, ఆ నీరు తాగిన పశువులు చనిపోయిన సందర్భాలు లోకంలో ఎన్నో. కాబట్టి డెక్కా, నాచూ వేరువేరు శత్రువులు కాదు, ఒకే పళ్ళెంలో తినేవి. ఒకటి లేస్తే ఇంకొకటి కూర్చుంటుంది.

ఆఫ్రికాలోని విక్టోరియా సరస్సు 1990ల్లో ఈ మొక్కతో నిండి, కెన్యాలోని కిసుము దగ్గర పడవలే కదలలేదు. దానిని తినే చిన్న ముక్కుపురుగులను తెప్పించి వదిలారు. ఆ శతాబ్దం ముగిసేనాటికి మొక్క చాలావరకు తగ్గింది. మన దేశానికీ ఆ పురుగులు 1980ల మొదట్లోనే బెంగుళూరుకు వచ్చి, అక్కడి కొన్ని చెరువుల్లో బాగా పనిచేశాయి. అయితే విక్టోరియాలోకి మురుగు, మట్టి, ఎరువు పారడం ఆగలేదు. మొక్క తిరిగి వచ్చింది. ఇంకొక వైపు అమెరికాలో సియాటిల్ పట్నం పక్కన వాషింగ్టన్ సరస్సు ఉంది. చుట్టూ ఊళ్ళ మురుగు అందులోనే వదిలేవారు. నాచుతో దుర్వాసన పట్టాక, 1958లో అక్కడి జనం ఓట్లు వేసి, తమ పన్నులతో పెద్ద గొట్టాలు వేయించుకొని 1963 నుండి 1968 వరకు మురుగునంతటినీ సరస్సు నుండి తప్పించారు. కొద్ది సంవత్సరాల్లోనే నీరు తేటపడింది. సరస్సుకు ఎవరూ మందు పోయలేదు. దానిని వాళ్ళు పాడుచేయడం మానుకున్నారు, అంతే.

హైదరాబాదులో కూడా మురుగును శుద్ధిచేసే ప్లాంటులు కడుతున్నారు. చెరువుల ఆక్రమణలను చూడటానికి 2024లో హైడ్రా అనే సంస్థను పెట్టారు. 2020 అక్టోబరు వర్షాలకు పాత బస్తీ ఎలా మునిగిందో, గుర్రం చెరువు కట్ట తెగి హఫీజ్ బాబానగర్ ఇండ్లలోకి నీళ్ళు ఎలా వచ్చాయో చూసినవారు చెరువులను తేలికగా మాట్లాడరు. అది పట్నంవారి పెద్ద పని, వారికోసం ప్రార్థిద్దాము.

మనకు మన చెరువు ఉంది గదా! తిరుగు ప్రయాణంలో బస్సులో పాటలు తక్కువ, ఈ మాటలే ఎక్కువ. ఆదికాండము 26వ అధ్యాయంలో అబ్రాహాము తవ్వించిన బావులను ఫిలిష్తీయులు మన్నుపోసి పూడ్చివేస్తే ఇస్సాకు తిరిగి తవ్వించిన సంగతి ఒక టీచరమ్మ చెప్పింది. వెనుక సీటు నుండి మా పెద్దమ్మ, “మన చెరువు పూడ్చటానికి ఫిలిష్తీయులు రాలేదమ్మా, మనమే చాలాము” అన్నది. యెహెజ్కేలు 34వ అధ్యాయంలో తాము తేటనీరు తాగి, మిగిలిన నీటిని కాళ్ళతో కలచి, వెనుక వచ్చే గొర్రెలకు బురద మిగిల్చే వాటిని గురించి దేవుడు ఎంత కోపగించుకున్నాడో ఆ రాత్రి ఇంటికి వచ్చి చదువుకున్నాము. మా ఇండ్లకు నల్లా నీళ్ళు వచ్చాక మేము కూడా చెరువు ముఖం చూడటం మానేశాము. పాత బస్తీకి వంద సంవత్సరాల క్రితం జరిగినదే మాకు ఈ పది సంవత్సరాల్లో జరిగింది.

మరుసటి శనివారం నుండి యౌవనస్థులు, స్త్రీల సమాజము వారు చెరువులో దిగుతున్నారు. సంఘస్థులే కాదు, ఊరిలో అన్ని వాడలవారు వస్తున్నారు. బెస్తవారు పుట్టి ఇచ్చారు. మొదటి రోజు తీసిన డెక్కను కట్ట మీదనే కుప్పలు వేశాము. వ్యవసాయ శాఖలో పనిచేసి రిటైరైన ఒక అయ్యగారు చూసి గట్టిగా కోప్పడ్డారు. అది అక్కడే కుళ్ళితే, వాన వచ్చినప్పుడు దానిలోని సారమంతా మళ్ళీ చెరువులోకే పోతుందట. పూలు, గింజలు రాకముందే తీయాలని, దూరంగా గుంట తవ్వి పేడ కలిపి ఎరువు చేయాలని చెప్పారు. ఇప్పుడు ట్రాక్టరులో దూరంగా తరలిస్తున్నాము.

పైన పొలాలవారితో మాట్లాడటం దీనికన్నా కష్టమైంది. యూరియా నీటిలో కరిగి పోతుంది. డి.ఎ.పి.లోని భాస్వరం మట్టిని పట్టుకొని ఉండి, మట్టి కొట్టుకుపోయినప్పుడు దానితోపాటు చెరువుకు చేరుతుంది. వాన వచ్చే ముందు ఎరువు చల్లవద్దని, చెరువు వైపు గట్టున గడ్డిని చెక్కకుండా ఉంచమని అడిగాము. కొందరు సరే అన్నారు. ఒకాయన, “మీ గుడివాళ్ళు వేసిన మొక్కకు నా ఎరువు తప్పా?” అన్నాడు. మేము ఏమనగలము? మొక్క మాదేనని ఒప్పుకున్నాము. అప్పుడు ఆయన కొంచెం మెత్తబడ్డాడు.

మా కాలనీ మురుగు కాలువ మాత్రం ఇంకా చెరువులోకే పోతున్నది. ఇండ్ల వెంట ఇంకుడుగుంతలు తవ్వుకుంటే సగమైనా తగ్గుతుందని, మొదట మందిరము దగ్గరి నల్లా కింద ఒకటి తవ్వాము. ఇంకా నాలుగు ఇండ్లవారు తవ్వారు. అరవై ఇండ్లున్నాయి.

రేవు దగ్గర ఇప్పుడు ఒక నాలుగు మంచాలంత మేర నీరు కనబడుతున్నది. ఈస్టరుకు ఏడుగురు బాప్తిస్మమునకు పేర్లు ఇచ్చారు. మొన్న సాయంత్రం చూస్తే ఆ తేటనీటిలో మూడు చిన్న మొక్కలు మళ్ళీ తేలుతున్నాయి. పిల్లలు ఒడ్డున పడుకొని చేతులు చాచి తీసి గుంటలో వేశారు. శనివారం మళ్ళీ దిగాలి.